కుడిచెయ్యి చూసే డాక్టరు

పసిబిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు ముఖం చూస్తారు. ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని పంచాయితీ పెడతారు. ఆయన మాత్రం కుడిచెయ్యి చూసేవాడు. తన చూపుడువేలు బిడ్డ గుప్పిట్లో పెట్టి, బిడ్డ పట్టుకున్నాక మెల్లగా ఊపి, "ఏం సామీ, బాగుండావా?" అని అడిగేవాడు. మగపిల్లాడయినా సామే, ఆడపిల్లయినా సామే. తర్వాత పాదం పట్టుకునేవాడు. మళ్ళీ చెయ్యి. మళ్ళీ పాదం. రెంటినీ దగ్గరికి చేర్చి, కిటికీ వైపు తిప్పి, అంగట్లో చీర రంగు చూసినట్టు చూసేవాడు. ఆ పని అయిందాకా బిడ్డ ముఖం వైపు కన్నెత్తేవాడు కాదు. కన్నతల్లులకు అది కొంచెం కష్టంగా ఉండేది. ఇంత అందమైన బిడ్డను కని తీసుకొస్తే ఈయన కాలివేళ్ళు చూస్తున్నాడేమిటి అని.

పోయిన నెల ఆదోని నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, కుడిచెయ్యి డాక్టరు పోయినాడంట" అన్నాడు. ఆయన అసలు పేరు ఆస్పత్రి బోర్డు మీద ఉండేది గానీ జనం నోట్లో ఎప్పుడూ లేదు. బస్టాండులో దిగి కుడిచెయ్యి డాక్టరు దగ్గరికి పోవాలంటే చాలు, రిక్షావాడు ఇంకో మాట అడక్కుండా తీసుకెళ్ళి దించేవాడు. తమ్ముడి మాట వినగానే నాకు ఏడుపు కంటే ముందు ఒక అనుమానం వచ్చింది. ఆయన రాసేది కుడిచేత్తోనా, ఎడమచేత్తోనా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అన్నేళ్ళూ ఆయన పట్టుకున్న చేతుల్నే చూశాను తప్ప ఆయన చేతుల్ని చూడలేదన్నమాట.

ఆలోచిస్తే ఆయన గురించి నాకు తెలియనివే ఎక్కువ. మాటల మధ్యలో కన్నడం దొర్లేది కాబట్టి బళ్ళారి వైపు మనిషని కొందరు, కాదు ఆలూరు వైపని కొందరు అనేవాళ్ళు. పెళ్ళయిందో లేదో, పిల్లలున్నారో లేదో, ఊళ్ళోవాళ్ళ బిడ్డల కోసం ఎందుకంత తాపత్రయం పడేవాడో నేను అడగలేదు. అడిగే సందు ఆయన ఇవ్వడు. ఎదుటి మనిషి నోరు తెరిచేలోపు ఆయనే ఒక ప్రశ్న వేసి ఉంటాడు.

ఆస్పత్రి అంటే పెద్ద ఆస్పత్రి కాదు. ఒకప్పుడు పత్తి వ్యాపారి కొట్టు అది. ఆదోనిలో పత్తి కొనేవాళ్ళు దూదిని వెలుతురులో పట్టి, తెల్లదనం చూసి, పోగు లాగి పొడవు చూసి బేరం చేస్తారు. అందుకని ఆ వ్యాపారి తూర్పుగోడకు నిలువెత్తు కిటికీ పెట్టించుకున్నాడు. డాక్టరు బజారంతా తిరిగి, మంచి మంచి మేడలు వదిలేసి, ఆ కిటికీ కోసం ఆ కొట్టు అద్దెకు తీసుకున్నాడు. బిడ్డను చూడాలంటే ముందు ట్యూబులైటు ఆర్పించేవాడు. "ఆ లైటు కింద నువ్వూ నీలమే, నేనూ నీలమే. అది అబద్ధాలకోరు" అనేవాడు.

లోపలి గదికి చెప్పులు లేవు, మాటలు లేవు. ఇంకో వింత ఉండేది. గుమ్మం పక్కన మేకుకు పాత చీరల అంచులు చింపి కట్టలుగా వేలాడదీసేవాడు. లోపలికి పోయే ఆడవాళ్ళంతా గాజుల మీద ఆ గుడ్డ చుట్టుకుని పోవాలి. గాజులు తీసేయమంటే ఏ ముత్తయిదువా ఒప్పుకోదని ఆయనకు తెలుసు. మొదట్లో ఒకసారి అలా అని చీవాట్లు తిన్నాడట. అందుకని గాజులు తీయొద్దు, వాటి నోరు కట్టండి అనేవాడు. చేతికి దెబ్బ తగిలిన వాళ్ళలా కట్లు కట్టుకుని వరసగా కూర్చున్న ఆడవాళ్ళను చూసి కొత్తగా వచ్చినవాళ్ళు కంగారుపడేవాళ్ళు.

అన్నిటికంటే పెద్ద పిచ్చి, ఎవరి వృత్తి వాళ్ళను అడగడం. బస్సు డ్రైవరు కొడుక్కి విరేచనాలు పట్టుకుంటే, "రేడియేటర్లో నీళ్ళు లేకపోతే బండి నడుస్తాదాప్పా? నీ కొడుకూ అంతే" అని చెప్పి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టమనేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. రేడియేటరు నీళ్ళు ఎందుకు ఉడుకుతాయి, ఉడికితే ఏం చేస్తారు, ఘాట్ రోడ్డులో ఎందుకు ఎక్కువ ఉడుకుతాయి అని మొదలుపెట్టేవాడు. బయట బిడ్డల్ని ఎత్తుకున్న జనం గొణుగుతూనే ఉండేవాళ్ళు. ఉగ్గాని అమ్మే ఆమె బొరుగులు ఎంతసేపు నానబెడుతుందో కూడా ఆయనకు కావాలి.

ఈ పిచ్చి నాకు మొదటిసారి ఎదురైనప్పుడు ఆ మనిషిని కొట్టాలనిపించింది. ఎందుకంటే అప్పుడు చావుబతుకుల మధ్య ఉన్నది నా బిడ్డ.

అది ఎనభైల మొదట్లో. నాకు ఎమ్మిగనూరులో బడిపంతులమ్మ ఉద్యోగం. అత్తగారింట్లో మగ్గాలు. తొలికాన్పు పుట్టింట్లోనే కావాలి కాబట్టి ఆదోని వచ్చాను. నొప్పులు సాగి సాగి, బిడ్డ కడుపులోనే విరేచనం చేసుకుని ఆ నీళ్ళు మింగింది. పుట్టగానే ఏడవలేదు. ఏడ్చాక కూడా రంగు తిరగలేదు. వంకాయ రంగులో ఉన్న నా కూతుర్ని దుప్పట్లో చుట్టి మా నాయన రిక్షాలో కుడిచెయ్యి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నన్ను కదలొద్దన్నారు. కదిలాను. గోడ పట్టుకుని వెనక రిక్షా ఎక్కాను. నొప్పులు మొదలైన కబురు విని ఎమ్మిగనూరు నుంచి అప్పుడే దిగిన మా అత్త నా పక్కన కూర్చుని దారంతా ఉరుకుంద ఈరన్నకు మొక్కుతూనే ఉంది.

మేము వెళ్ళేసరికి ఆయన పాప చేతిని, పాదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. చెయ్యి కొంచెం ఎర్రగా ఉంది. పాదం నీలంగా ఉంది. ఒకే బిడ్డకు రెండు రంగులు. తల చుట్టూ పెట్టిన అద్దాల పెట్టెలోకి గొట్టంతో ప్రాణవాయువు వదులుతూ, పక్కన కరెంటు బల్బులు వెలిగించి వెచ్చగా ఉంచి, మా అత్త వైపు తిరిగి, "అవ్వా, మీరేం పని చేస్తారు?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. మా అత్త మాత్రం, "మగ్గమప్పా" అంది.

"అయితే నీకు బాగా అర్థమైతాది. కడుపులో ఉన్నన్నాళ్ళు బిడ్డకు ఊపిరితిత్తులతో పనిలేదు. రక్తం ఆడికి పోకుండా పక్కదారిన పోతాది. పుట్టి గాలి పీల్చినాక పక్కదారి మూసుకొని, ఊపిరితిత్తుల దారి తెరుచుకోవాల. ఈ సామికి ఆ దారి బిగుసుకొనుండాది. ఆడ పోటు ఎక్కువ. రక్తం లోపలికి పోలేక పాతదారిలోనే తిరుగుతాండాది. మంచి గాలి కలిసిన ఆ కాస్త రక్తం ముందు కుడిచేతికి పోతాది. చెడ్డది దానికి కింద వచ్చి కలుస్తాది. అందుకే చెయ్యి ఒక రంగు, కాలు ఒక రంగు. మగ్గంలో పేక మరీ బిగిస్తే దారం మోసే నాడె అటూఇటూ పోదు కదా, అట్లనే."

"బిగించేది అడ్డంపోయే పేక కాదప్పా, నిలువుండే పడుగు" అంది మా అత్త.

"పడుగా? సరే, పడుగు. బిగిసిపోతే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం. లాగితే తెగుతాది. నీళ్ళు చిలకరించి కొంచేపు ముట్టకుండ వదిలేస్తాం."

ఆయన ముఖం వెలిగింది. "అదే. ముట్టకుండ వదిలేయాల. చలి తగిలినా, శబ్దమైనా, ఎవరన్నా ఎత్తుకున్నా ఈ బిగువు ఇంకా ఎక్కువైతాది. ఈ సామిని నేను కూడా ఊరికే ముట్టుకోను."

నన్ను పక్కగదిలో మంచం మీద పడుకోబెట్టారు. తలుపు తీసి ఉంచితే పెట్టె కనిపించేది. మా ఆయన వచ్చి వరండాలో స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రావడానికి ధైర్యం చాలక అక్కడే ఉండిపోయాడు.

మర్నాటి పొద్దున నేను మగతలో ఉండగా మా అత్త లోపలికి పోయింది. పుట్టిన బిడ్డ మాడుకు ఆముదం పెట్టకుండా ఉంచడమేమిటని ఆమె బాధ. మా ఇళ్ళల్లో ఆముదం పెట్టని బిడ్డ లేదు. గాజులకు గుడ్డ చుట్టుకునే పోయింది పాపం. మెల్లగా పెట్టె ఎత్తి, తలమీద ఆముదం అద్ది రుద్దింది. పాప ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని నల్లబడింది. నర్సు కేక విని నేను లేచాను. ఆయన పరుగున వచ్చాడు. పెట్టె సరిచేసి, ప్రాణవాయువు పెంచి, చాలాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. మెల్లగా నలుపు పోయి నీలం వచ్చింది. నీలాన్ని చూసి సంతోషించిన తల్లిని నేనొక్కదాన్నేనేమో.

మా అత్త గోడకు అతుక్కుపోయింది. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టాలనే నా కోరిక కూడా. ఆయన బయటికి వచ్చి, "అవ్వా, ఏం చేసినావో ఉన్నదున్నట్టు చెప్పు. ముందు పెట్టె ఎత్తినావా, ముందు తల ముట్టినావా? ఎప్పుడు నల్లబడింది?" అని అడిగాడు. కోపంతో అడగలేదు. నిజంగానే ఆయనకు అది తెలియాలి. మా అత్త వరసగా చెప్పింది. అంతా విని, "సల్లగాలి తగిలినప్పుడు కాదు, రుద్దినప్పుడన్నమాట" అని తనలో తాను అనుకుని, "నువ్వు కండ్లారా చూసినావు కదా. ఇంక ఈ తలుపుకు కాపలా నువ్వే. నన్నయినా సరే, ఊరికే పోనియ్యొద్దు" అన్నాడు.

ఆ తర్వాత ఆ గుమ్మం దగ్గర మా అత్త కూర్చున్న తీరు చూడాలి. మా నాయనను పోనివ్వలేదు. నర్సును ఎందుకు ఏమిటి అని అడిగి గానీ పోనివ్వలేదు. ఒకసారి డాక్టర్నే ఆపి, "ఇంతకుముందే పోతివి కదప్పా" అంది. ఆయన బుద్ధిగా వెనక్కి తిరిగాడు.

అయినా పాపకు తేలిక కాలేదు. ఆ మధ్యాహ్నానికి చెయ్యి కూడా నీలం తిరగడం మొదలైంది. ఆయన నా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా ఆయన కూర్చోగా నేను చూడలేదు.

ఆ రోజుల్లో మా వైపు స్టెరాయిడ్ సూది తెలియని ఊరు లేదు. పేరు తెలియదు గానీ దాని మహిమ అందరికీ తెలుసు. ఉబ్బసానికి, కీళ్ళనొప్పులకు, ఊరికే నీరసానికి కూడా ఊరి డాక్టర్లు వేసేవాళ్ళు. పొద్దున మంచం పట్టిన మనిషి సాయంత్రానికి లేచి అన్నం అడిగేవాడు. ఈయన మాత్రం దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడని, ఎంత బతిమాలినా వేయడని ఆదోనిలో చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి ఆ మాట తనే ఎత్తాడు.

"టీచరమ్మా, ఒక మందుండాది. స్టెరాయిడ్. లోపలికి పీల్చిన మురికికి ఊపిరితిత్తులు వాచినాయి. ఆ వాపు తగ్గితే బిగువు తగ్గొచ్చు. ఒంట్లో రక్తపోటు పడిపోతాండాది, దాన్ని నిలబెట్టొచ్చు. రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించనూ వచ్చు. పుస్తకాల్లో కొందరు ఇయ్యమంటారు, కొందరు వద్దంటారు. ఇంతకుముందు ఇట్లాంటి బిడ్డకు ఒకరికి ఇచ్చినా, బతికినాడు. ఇంకొకరికి ఇచ్చినా, పోయినాడు. ఇయ్యకుండా బతికినోళ్ళూ ఉండారు. ఇది పనిచేస్తాదో లేదో నాకు తెలీదమ్మా."

డాక్టరు నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను. భయం కంటే ముందు కోపం వచ్చింది. తెలియకపోతే నన్నెందుకు అడుగుతున్నాడు? నేను బడిలో ఎక్కాలు చెప్పుకునేదాన్ని.

"మీ బిడ్డయితే ఇస్తారా?" అన్నాను.

ఆయన నిజంగా ఆలోచించాడు. "నా బిడ్డయితే ఇంకో డాక్టరును పిలిచి ఆయనను అడుగుతా" అన్నాడు. కిటికీ వైపు చూసి, "ఈడ ఇంకో డాక్టరు లేడు. కర్నూలు దాకా తీసుకపోతే ఆ కుదుపులకు దారిలోనే..." అని ఆపేశాడు.

"ఇవ్వండి" అన్నాను. నాకు ఏమీ తెలిసి అన్నది కాదు. తెలియదని ఒప్పుకున్న మనిషి చేతిలో బిడ్డను పెట్టడం, అన్నీ తెలుసన్నవాడి చేతిలో పెట్టడం కంటే నయమనిపించింది, అంతే.

ఇచ్చాడు. మరుసటి పొద్దున ఎండ కిటికీలోంచి పెట్టె మీద పడినప్పుడు మా అత్త గుమ్మంలోంచే, "అప్పా, కాలు సూడు" అంది. పాదం చెయ్యి రంగులోకి వచ్చింది. రెండూ ఒకటే రంగు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాయన వరండాలో పంచె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. మా ఆయన స్తంభాన్ని వదిలిపెట్టాడు.

సంతోషం లేనిది ఆయన ఒక్కడికే. సంతోషం లేదనకూడదు, సంతోషించే తీరిక లేదు. నర్సును పిలిచి ప్రాణవాయువు ఎప్పుడు ఎంత మార్చావన్నాడు. మా అత్తను ఎవరైనా లోపలికి పోయారా అని అడిగాడు. బల్బులు ఆరిపోయాయా, గాలి ఎటు తిరిగింది, పాప ఎప్పుడు మూత్రం పోసింది, అన్నీ అడిగాడు. దొంగ దొరికాక కూడా ఇల్లంతా వెతికే పోలీసులా ఉన్నాడు. చివరికి, "ఆ బిగువును మందు వదిలించిందో, అదే వదిలిందో" అన్నాడు. మా నాయన, "మందే కదప్పా" అన్నాడు. "అయ్యుండొచ్చు" అన్నాడు ఆయన. ఆ మాట అనడానికి ఆయన పడిన ఇబ్బంది నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

మేము ఇంటికి బయలుదేరేటప్పుడు రెండు సంగతులు జరిగాయి. మా అత్త పాపకు డాక్టరు పేరే పెడతానంది. మేలు చేసినవాళ్ళ పేరు బిడ్డకు పెట్టుకోవడం మా వైపు మామూలే. ఆయన గట్టిగా వద్దన్నాడు. "నా పేరు పెడితే నేనే బతికించినట్లు ఖాయమైపోతాది అవ్వా. అది ఇంకా తేలలేదు. మీ ఈరన్న పేరు పెట్టుకో, ఆయనేం అనుకోడు" అన్నాడు. అలా మా పాప ఈరమ్మ అయింది.

రెండో సంగతి అప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు. మా అత్త ఆ మందు ఖాళీ సీసా కావాలని అడిగింది. బొటనవేలంత గాజు సీసా. ఇంకో బిడ్డ చెయ్యి చూస్తూ, "తీసుకో అవ్వా" అన్నాడాయన, తల కూడా తిప్పకుండా.

ఆ సీసాకు మా అత్త నల్లదారం చుట్టి ఉయ్యాలకు కట్టింది. శ్రావణమాసంలో ఉరుకుంద పోయి ఈరన్న పాదాల దగ్గర పెట్టి తెచ్చింది. తిరునాళ్ళకు వచ్చినవాళ్ళందరికీ పాప కథ చెప్పింది. మా అత్త కథ చెబితే వినాల్సిందే. నల్లబడ్డ బిడ్డ, తాళం వేసిన బీరువా, సూది గుచ్చగానే ఎర్రబడ్డ కాలు. రాత్రంతా పట్టిన సంగతి, డాక్టరు తెలీదన్న సంగతి అందులో ఉండేవి కావు. ఆముదం సంగతి అసలే లేదు. మా వీధిలోనూ చుట్టుపక్కలా ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా పురిటికి ముందే సీసా అడిగి తీసుకుపోయేవాళ్ళు. కొన్నాళ్ళు వాళ్ళ ఉయ్యాలకు కట్టుకుని ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు. తాయెత్తులాంటిదే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాం. దాని మీద అంటించిన కాగితంలో మందు పేరు ఉందన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

పాప నడక నేర్చి, వీధిలో కోళ్ళను తరిమే రోజుల్లో ఒక పొద్దున ఆయన మా ఇంటి ముందు నిలబడ్డాడు. కబురు లేదు, కాకరకాయ లేదు. ఆదోని బస్సు దిగి, అడుగుతూ వచ్చాడట. చొక్కా నిండా దుమ్ము. తానెవరో పాపకు తెలియకపోయినా వేలు చాపాడు. అది పట్టుకుంది. కుడిచెయ్యి చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి కొట్టుకున్న పాదాన్ని తన రుమాలుతో తుడిచి చూశాడు. "ఏం సామీ, బాగుండావా" అన్నాడు. ఆ ఒక్క నిమిషం నవ్వు ముఖంతో ఉన్నాడు.

మా అత్త మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, మంచం వాల్చింది. ఆయన మంచినీళ్ళు తాగి, "అవ్వా, నేను నీకొక సీసా ఇచ్చినా. అది యాడుండాది?" అన్నాడు.

"మా వీధి కొస ఇంట్లో ఉండాదప్పా. ఆయమ్మకు మొన్ననే కాన్పయింది. ఏమి?"

"పోయిన వారం మీ ఊర్నుంచి నా దగ్గరికి ఒక బిడ్డను తెచ్చినారు. నీళ్ళట్యాంకు దగ్గర ఇల్లంట. దగ్గూ జ్వరమూ వచ్చినాయని ఈడ ఎవరో సూదులేసే ఆయన దగ్గరికి తీసుకపోయి సీసా చూపించినారంట. ఇదే మందు కావాలని. ఆయన వేసినాడు. జ్వరం దిగిపోయింది. బాగయిందనుకొని మళ్ళీ మళ్ళీ వేయించినారు. లోపల ఊపిరితిత్తుల్లో చీము పడుతున్నా పైకి తెలీలేదు. నా దగ్గరికి తెచ్చేసరికి..." ఆయన చేతిలోని లోటా కింద పెట్టాడు. "ఆ బిడ్డ పోయింది అవ్వా."

మా అత్తకు ఆ ఇల్లు తెలుసు. ఆ ఇంటికి సీసా తనే ఇచ్చి పంపింది. ఆమె మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. "మా పాపను బతికించిన మందు ఆ పాపనెట్ల సంపుతాదప్పా?" అంది.

"మీ పాప రోగం వేరు, ఆ పాప రోగం వేరు. ఇంకో మాట. మీ పాపను అది బతికించిందని నేను ఎప్పుడూ అనలేదు."

"మల్ల ఎట్ల బతికింది?"

"నాకు తెలీదు."

"తెలీకుంటే ఎందుకిస్తివి?" మా అత్త గొంతు లేచింది. డాక్టరు మీద ఆమె గొంతు లేవడం నేనెప్పుడూ వినలేదు.

ఆయన తల వంచుకున్నాడు. "కండ్లముందర బిడ్డ పోతాంటే, బీరువాలో మందు పెట్టుకొని ఊరికే కూచునేది నాకు చేతకాలేదు అవ్వా" అన్నాడు.

నాకు ఆయన మీద జాలి కలిగింది. అన్నీ తెలుసుకోవాలని తిరిగే మనిషి, తనకు అన్నిటికంటే ఎక్కువగా కావలసిన ఒక్క జవాబు లేకుండా మా పంచలో కూర్చుని ఉన్నాడు. ఆ జవాబు ఆయన ముందే కోడిపిల్లను తరుముతూ పరుగెడుతోంది. దాన్ని ఎన్నిసార్లు చూసినా ఆయనకు ఏమీ తెలియదు.

మా అత్త లేచి చెంగు దులుపుకుంది. "పా" అంది. ముగ్గురం కొస ఇంటికి వెళ్ళాం.

ఆ ఇంటి పిల్ల బాలింత. తొలికాన్పు. ఉయ్యాలకు సీసా కట్టి ఉంది. డాక్టరు వచ్చాడనగానే సంబరపడి, "బిడ్డకు ముక్కు బిగదీసి సరిగా పాలు తాగల్లేదు. సాయంత్రం ఆ సూది ఏపిద్దామనుకుంటాండాం" అంది. ఆయన బిడ్డను గడపలోకి, ఎండ పడే చోటికి తెప్పించాడు. వేలు పట్టించాడు. చెయ్యి, పాదం పక్కపక్కన పెట్టాడు. పొట్ట ఎగిరిపడటం చూశాడు. ఛాతీ మీద చెవి ఆనించి విన్నాడు. "వట్టి జలుబు. వెచ్చగ పెట్టుకొని పాలియ్యి. సూది వద్దు. ఆ సీసా నాకియ్యి తల్లీ" అన్నాడు.

ఆ పిల్ల ఉయ్యాలకు అడ్డం నిలబడింది. ఇచ్చేటట్టు లేదు. ఎవరూ లాక్కోలేరు కూడా, బాలింత. ఆమె డాక్టర్ను వదిలేసి మా అత్త వైపు తిరిగింది. "నువ్వే కదత్తా సెప్తివి. దీంతోనే కదా మీ పాప బతికింది?"

మా అత్త ఆ కథ ఎంతమందికి చెప్పిందో నాకు తెలుసు. ఎమ్మిగనూరు సంతలో, ఉరుకుంద తిరునాళ్ళలో, బస్సులో పక్కసీటు వాళ్ళకు. ఆమె జీవితంలో ఊరంతా చెవి ఒగ్గి విన్నది ఆ ఒక్క కథే. ఆమె ఉయ్యాల తాడు పట్టుకుంది.

"నా మనవరాలు ఎట్ల బతికిందో ఈయప్పకు తెలీదు, నాకూ తెలీదు. నేను సెప్పిందంతా నేను అల్లింది. నీ బిడ్డకు జలుబు. ఇయ్యమ్మా."

ఆ పిల్ల దారం విప్పింది. డాక్టరు సీసా తీసుకుని, దాని మీది కాగితాన్ని గోటితో గీకి చింపి, జేబులో వేసుకున్నాడు.

బయటికి వచ్చాక మా అత్త ఇంటి వైపు తిరగలేదు. నీళ్ళట్యాంకు వైపు నడిచింది. ఆయనకు అర్థమై గబగబా ముందుకు పోయి, "నువ్వుండు అవ్వా. ఆ ఇంట్లో నేను చెప్తా. సీసా ఇచ్చింది నేను" అన్నాడు.

"ఇచ్చింది నువ్వే. ఊరంతా తిప్పింది నేను" అంది మా అత్త. "ఇద్దరం పోదాం పా."